కళ్లద్దాలు పెట్టుకుంటే గుర్తుపట్టరా?

సూపర్‌మ్యాన్ సినిమా చూసిన ప్రతి తరమూ అడిగిన ప్రశ్న ఒకటుంది. పత్రికాఫీసులో రోజూ తన పక్కనే పనిచేసే క్లార్క్ కెంట్, ఆకాశంలోంచి దిగివచ్చి తన ప్రాణం కాపాడిన సూపర్‌మ్యాన్ ఒక్కరేనని లోయిస్ లేన్ ఎందుకు పోల్చుకోలేదు? ఆమె పేరున్న విలేఖరి. ఎక్కడెక్కడి కుంభకోణాలో తవ్వితీసిన మనిషి. అలాంటి ఆమెకూ, ఆ ఇద్దరికీ మధ్య అడ్డుగా ఉన్నది ఒక జత కళ్లద్దాలు మాత్రమే. ఈ ప్రశ్న వేసినవారు సాధారణంగా దాన్ని కథలోని లోపంగా తీర్మానించి ఊరుకుంటారు. అయితే ఆ ప్రశ్న ఒక నమ్మకం మీద ఆధారపడి ఉంది. మనుషులు ఒకరినొకరు ముఖం చూసే గుర్తుపడతారనీ, ముఖం కనిపిస్తే చాలు, మనిషి దొరికిపోతాడనీ ఆ నమ్మకం. మంచి సూపర్‌హీరో సినిమాలను వరసగా పరిశీలిస్తే ఇందుకు భిన్నమైన సంగతి బయటపడుతుంది. రహస్యం నిలిచినా, బద్దలైనా ముఖానికి అందులో ఉన్న పాత్ర చాలా తక్కువ. చుట్టూ ఉన్నవాళ్లు ఏం వెతుకుతున్నారు, అసలు వెతకడానికి వారికి కారణం ఉందా అన్నదే అక్కడ నిర్ణాయకం. ఆ సంగతి తెలిసి తీసిన సినిమాలో కళ్లద్దాలు సరిపోతాయి. తెలియకుండా తీసిన సినిమాలో తల నుంచి మెడ దాకా కప్పిన ముసుగు కూడా నమ్మించలేదు.

ఈ ఎత్తుగడ సూపర్‌హీరోలతో పుట్టింది కాదు. ఫ్రెంచి విప్లవ కాలంలో ప్రభువంశీకులను తలలు నరికే యంత్రమైన గిలెటిన్ నుంచి తప్పించే స్కార్లెట్ పింపర్నెల్ పాత్రను బారొనెస్ ఆర్ట్‌సీ 1903లో నాటకంగా రంగస్థలం మీదికి తెచ్చారు. ఆ సాహసి పగటిపూట సోకులు తప్ప మరో ధ్యాస లేని ఇంగ్లీషు దొర. 1919లో జాన్‌స్టన్ మెకలీ సృష్టించిన జోరో కూడా అంతే. కత్తి పట్టని వేళల్లో అతను ఏ పనికీ ఒళ్లు వంచని డాన్ డియేగో. ఈ ఇద్దరి విషయంలోనూ ముసుగు కంటే పగటి వేషమే గట్టిది. చుట్టూ ఉన్నవారు ఎవరినైనా అనుమానించవచ్చు గానీ, ఆ పనికిమాలిన మనిషిని మాత్రం అనుమానించరు. బ్యాట్‌మ్యాన్ తల్లిదండ్రులు హత్యకు గురైన రాత్రి ఆ కుటుంబం జోరో సినిమా చూసి వస్తోందని అనేక కథనాలు చెబుతాయి. వంశవృక్షం ఏమిటో ఆ కథల రచయితలకు బాగా తెలుసు.

1938లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ సూపర్‌మ్యాన్‌ను కామిక్ పుస్తకంలోకి తెచ్చినప్పుడు కళ్లద్దాలు సమస్యే కాలేదు. అందుకు కారణం బొమ్మ. చౌక కాగితం మీద కొద్దిపాటి గీతలతో గీసిన ముఖానికి సొంత పోలికలు అంటూ పెద్దగా ఉండవు. నలుగురు యువకులను గీస్తే నలుగురికీ ఒకే దవడ, ఒకే ముక్కు వస్తాయి. వారిని విడదీసేవి జుట్టు, దుస్తులు, టోపీ, కళ్లద్దాలు. అంటే బొమ్మల లోకంలో కళ్లద్దాలు ముఖం మీద పెట్టుకునే వస్తువు కావు. మనిషిని తెలిపే గుర్తే అవి. అవి తీస్తే పాఠకుడికి కూడా మరో మనిషే కనిపిస్తాడు. కెమెరా ముందుకు సజీవమైన నటుడు వచ్చి నిలబడిన రోజున ఈ ఒప్పందం చెడిపోయింది. నటుడి ముఖానికి వేల పోలికలుంటాయి. ఆ ముఖం అంతెత్తు తెర మీద కనిపిస్తుంది. పైగా ప్రేక్షకుడు నటుడి పేరు పోస్టరు మీద చదువుకుని వచ్చాడు. కామిక్ పుస్తకం ఉచితంగా పొందిన నమ్మకాన్ని సినిమా కష్టపడి సంపాదించుకోవలసి వచ్చింది.

ఆ సంపాదన 1978లో రిచర్డ్ డానర్ తీసిన సినిమాలో జరిగింది. లోయిస్‌ను ఆకాశ విహారానికి తీసుకువెళ్లి వచ్చిన సూపర్‌మ్యాన్ ఆమె ఇంటి వసారాలోంచి ఎగిరిపోతాడు. మరుక్షణమే తలుపు తట్టి క్లార్క్ లోపలికి వస్తాడు. ఆమె పక్కగదిలో తయారవుతుండగా, అతను నిజం చెప్పేద్దామని నిశ్చయించుకుని కళ్లద్దాలు తీస్తాడు. ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ రీవ్ ఆ కొద్ది క్షణాల్లో చేసిన పని సూపర్‌హీరో సినిమాల మొత్తంలో ఈ విషయానికి దొరికిన అత్యుత్తమ వివరణ. వంగిన వీపు నిటారవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, మెడ పైకి లేస్తుంది, గొంతు కిందికి దిగి స్థిరపడుతుంది. గదిలో ఉన్న మనిషి అంగుళాల లెక్కన పెరిగినట్టు కనిపిస్తాడు. అంతలోనే ధైర్యం చాలక మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంటాడు, భుజాలు ముడుచుకుంటాయి, మాట తడబడుతుంది. కత్తిరింపులతో మోసం చేసిన చోటు కాదది. ప్రేక్షకుడి కళ్లెదుటే ఒక మనిషి ఇంకొకడయ్యాడు. క్లార్క్ కోసం 1930ల నాటి హాస్య చిత్రాల్లోని నటుడు కేరీ గ్రాంట్ తడబాటును తాను ఆదర్శంగా తీసుకున్నట్టు రీవ్ స్వయంగా చెప్పారు. పాపట కూడా రెండు వేషాలకూ రెండు వైపులా తీశారు. ఇక్కడ కళ్లద్దాలు చేసేది చాలా చిన్న పని. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి తన దేహాన్ని ఎలా మోస్తాడన్నదే అసలు వేషం.

అదే సంవత్సరం చివర వెలువడిన సూపర్‌మ్యాన్ కామిక్ 330వ సంచిక సరిగ్గా ఈ ప్రశ్నకే ఇంకో జవాబు ఇచ్చింది. క్లార్క్ కళ్లద్దాలు క్రిప్టాన్ గ్రహం నుంచి అతన్ని తెచ్చిన నౌక గాజుతో చేసినవనీ, అతని చూపులోని సమ్మోహన శక్తి వాటి ద్వారా పెరిగి, చూసేవారికి అతను బక్కపలచని మనిషిగా కనిపిస్తాడనీ అందులో చెప్పారు. 2025లో వచ్చిన సూపర్‌మ్యాన్ సినిమా కూడా ఆ సమ్మోహన కళ్లద్దాల ఊహను మాటల్లో ప్రస్తావించి ముందుకు సాగిపోయింది. తర్కం ప్రకారం చూస్తే ఈ వివరణలో పగులు లేదు. అయినా అది కథకు మేలు చేయదు. సమ్మోహనం ఉంటే లోయిస్ చూడకపోవడం ఆమె గురించి ఏమీ చెప్పదు. ఆమె కళ్లకు ఎవరో గంతలు కట్టారు, అంతే. సమ్మోహనం లేకపోతే మాత్రం, ఎదురుగా ఉన్న మంచి మనిషిని ఆమె గమనించలేదన్న బాధ కథలో మిగులుతుంది. ఆ బాధ కోసమే ఆ కథ పుట్టింది.

మరి మామూలు కళ్లద్దాలు నిజంగా ఎంతమందిని ఏమార్చగలవు? యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ క్రామర్, కే రిచీ 2016లో ప్రచురించిన పరిశోధన సూపర్‌మ్యాన్ పేరుతోనే ఈ ప్రశ్నను పరీక్షించింది. పరిచయం లేని వ్యక్తుల ఫోటోలు రెండేసి చూపించి, ఇద్దరూ ఒకరేనా కాదా చెప్పమన్నారు. రెండు ఫోటోల్లోనూ కళ్లద్దాలు ఉన్నా, రెండింటిలోనూ లేకపోయినా సరైన సమాధానాలు 80 శాతం దగ్గర ఉన్నాయి. ఒకదానిలో ఉండి మరొకదానిలో లేనప్పుడు అవి దాదాపు 6 శాతం మేర తగ్గాయి. తగ్గుదల చిన్నదే. అంతకంటే ఆశ్చర్యం కలిగించేది ఆ 80 శాతమే. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, కావలసినంత సమయమిచ్చి, పోల్చి చూడమని అడిగినా అయిదింటిలో ఒకసారి మనుషులు పొరబడుతున్నారు. ముఖాలు పోల్చడమే ఉద్యోగమైన వారి పరిస్థితి కూడా గొప్పగా లేదు. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు అధికారులపై జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఎదురుగా నిలబడిన మనిషిది కాని ఫోటోను అతనిదేనని వారు 14 శాతం సార్లు ఆమోదించారు. 1998లో డేనియల్ సైమన్స్, డేనియల్ లెవిన్ ప్రచురించిన ప్రయోగం ఇంకా కళ్లు తెరిపిస్తుంది. దారి అడుగుతున్న మనిషికీ, దారి చెబుతున్న పాదచారికీ మధ్యగా ఒక తలుపును మోసుకుపోతూ, ఆ చాటున అడిగే మనిషినే మార్చేశారు. పాదచారుల్లో సగం మంది తాము కొత్త మనిషితో మాట్లాడుతున్నట్టు గమనించనేలేదు.

2016లో సూపర్‌మ్యాన్ పాత్రధారి హెన్రీ కావిల్ తన సినిమా ప్రచార ఫలకం కింద, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో, సూపర్‌మ్యాన్ గుర్తున్న టీషర్టు వేసుకుని నిలబడ్డారు. జనం పక్కనుంచి నడిచి వెళ్లిపోయారు, ఎవరూ పోల్చుకోలేదు. సూపర్‌మ్యాన్ తమ వీధి చివర నిలబడి ఉంటాడని ఎవరూ ఎదురుచూడరు కనుక కళ్లద్దాల అవసరం కూడా రాలేదు.

అయితే ఈ పరిశోధనల్లోనే ఒక మెలిక ఉంది. తికమకపడేది పరిచయం లేని ముఖాల విషయంలోనే. బాగా ఎరిగిన ముఖాన్ని మసక ఫోటోలోనైనా, సగం కప్పినా, వయసు మీరినా మనుషులు పోల్చుకుంటారు. ఈ తేడాను పట్టించుకుంటే మొదటి ప్రశ్న రెండు ముక్కలవుతుంది. మెట్రోపోలిస్ నగరవాసులు క్లార్క్‌ను గుర్తుపట్టకపోవడంలో వింతేమీ లేదు. వారు సూపర్‌మ్యాన్‌ను దూరం నుంచి, పరుగెత్తుతూ, భయంలోనో ఆనందంలోనో క్షణకాలం చూస్తారు. రోజూ ఎదురుగా కూర్చునే లోయిస్ విషయంలో మాత్రం కళ్లద్దాలు ఎంతోకాలం నిలవవు. 1980లో వచ్చిన రెండో సినిమా దీన్ని నిజాయితీగా ఒప్పుకుంది. నయాగరా జలపాతం దగ్గర ఒక పిల్లవాణ్ణి సూపర్‌మ్యాన్ కాపాడిన వేళకే క్లార్క్ పక్కన లేడన్న సంగతి ఆమెకు తడుతుంది. అనుమానాన్ని నిగ్గుతేల్చడానికి ఆమె నీళ్లలో దూకుతుంది. చివరికి క్లార్క్ కాలు తగిలి తూలి, చేయి నిప్పుల్లో పడి, కాలకపోవడంతో రుజువు దొరుకుతుంది. ఆమెకు దారి చూపింది పక్కన ఉండవలసిన మనిషి లేకపోవడం, కాలవలసిన చేయి కాలకపోవడం. ముఖం ఆ మొత్తం విచారణలో సాక్ష్యంగా రాలేదు.

ముసుగులేని సూపర్‌మ్యాన్‌కు ఇంకో రక్షణ ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ముసుగు రెండు పనులు చేస్తుంది. ముఖాన్ని దాస్తుంది, ఇక్కడ దాచవలసినది ఒకటుందని చాటుతుంది. బ్యాట్‌మ్యాన్‌ను చూసిన ప్రతివాడూ ఆ ముసుగు వెనక ఎవరున్నారని అడుగుతాడు. పోలీసులు అడుగుతారు, నేరస్థులు పందేలు కాస్తారు, పత్రికలు కథనాలు రాస్తాయి. సూపర్‌మ్యాన్ ముఖం మాత్రం బాహాటంగా కనిపిస్తుంది, తాను ఎక్కడివాడో కూడా అతను చెబుతాడు. అలాంటివాడికి ఇంకో పేరు, అద్దె ఇల్లు, నెల జీతం ఉంటాయన్న ఆలోచనే ఎవరికీ రాదు. రహస్యం ఉందన్న సంగతే రహస్యంగా ఉంచడం అన్ని ముసుగులకంటే గట్టిది.

ముసుగు మనిషికి అందువల్ల కష్టం ఎక్కువ. క్రిస్టఫర్ నోలన్ 2005, 2008, 2012 సంవత్సరాల్లో తీసిన మూడు బ్యాట్‌మ్యాన్ సినిమాలు ఈ కష్టాన్ని బాగా అర్థం చేసుకున్నాయి. ముసుగు వెనక ఉన్న బ్రూస్ వేన్ గొంతు మార్చుకుంటాడు, హోటళ్లలో అల్లరి చేస్తాడు, తన పుట్టినరోజు విందుకు వచ్చిన అతిథులను తాగినవాడిలా నటిస్తూ తిట్టి పంపేస్తాడు. ఆ తిట్లే వారి ప్రాణాలు నిలుపుతాయి, అతని పరువును మాత్రం తీసుకుపోతాయి. ఆ మూడు చిత్రాల్లో అతన్ని పోల్చుకున్నవారు ఎలా పోల్చుకున్నారో చూడాలి. చిన్ననాటి స్నేహితురాలు రేచెల్, తాను బ్రూస్‌తో అన్న మాటే బ్యాట్‌మ్యాన్ నోట తిరిగి విన్నప్పుడు తెలుసుకుంటుంది. అతని కంపెనీలోనే లెక్కలు చూసే కోల్‌మన్ రీస్, పాత దస్త్రాల్లో ఆ వింత వాహనం నమూనా గీతలు చూసి తెలుసుకుంటాడు. యువ పోలీసు జాన్ బ్లేక్ ఆధారం అన్నింటికంటే సున్నితమైనది. అతనూ అనాథే. లోపలి కోపాన్ని కప్పిపుచ్చే చిరునవ్వును అద్దం ముందు సాధన చేసి నేర్చుకున్నవాడు. అనాథాశ్రమానికి వచ్చిన బ్రూస్ ముఖం మీద అదే నవ్వు చూసి బాల్యంలోనే గ్రహించాడు. ఇక పోలీసు అధికారి గోర్డన్‌కు ఏళ్ల తరబడి పక్కన నిలబడి పనిచేసినా తెలియలేదు. తండ్రిని కోల్పోయిన పిల్లవాడి భుజాల మీద తాను ఎప్పుడో కప్పిన కోటు గురించి బ్యాట్‌మ్యాన్ చివరికి చెప్పినప్పుడే తెలిసింది. ఒక మాట, ఒక నమూనా, ఒక నవ్వు, ఒక కోటు. నలుగురిలో ఒక్కరు కూడా ముసుగు కింద కనిపించే ఆ గడ్డాన్ని చూసి పోల్చుకోలేదు. సినిమా చూసేవారు సాధారణంగా దీన్ని లోపంగా చెప్పరు, ఎందుకంటే నలుగురికీ తలా ఒక దారి రచయితలు శ్రద్ధగా వేసిపెట్టారు.

తెలుగు పాఠకులకు ఈ లెక్క కొత్తది కాదు. తిక్కన తన భారతాన్ని ఎక్కడ మొదలుపెట్టాడో ఆ విరాటపర్వం మొత్తం ఇదే సమస్య. పాండవులు ముఖాలకు ముసుగు వేసుకోలేదు. కంకుభట్టుగా, వలలుడిగా, బృహన్నలగా ఏ కొలువులో కుదిరితే తమను ఎవరూ ఊహించలేరో ఆ కొలువుల్లో కుదిరారు. ధర్మరాజు జూదం నేర్పే సభికుడిగా, భీముడు వంటశాలలో, అర్జునుడు అంతఃపురంలో నాట్యం చెబుతూ ఉన్నారు. దుర్యోధనుడి వేగులు దేశాలన్నీ గాలించి ఉత్తచేతులతో తిరిగివచ్చారు. రహస్యం కదిలింది కీచకుడి చావుతో. అంతటి బలశాలిని చంపగలవాడు భీముడు తప్ప మరెవరన్న ఊహ దుర్యోధనుడికి కలిగింది. భీష్ముడు ఇంకో కొలబద్ద చెప్పాడు. ధర్మరాజు ఉన్న సీమలో వానలు కురిసి పంటలు పండుతుంటాయి, అలాంటి నేల ఎక్కడుందో చూడండి అన్నాడు. మనిషిని దాచవచ్చు, అతను ఉండడం వల్ల చుట్టూ వచ్చే మార్పును దాచలేం. సూపర్‌హీరో కథకుల్లో ప్రతిభావంతులు సొంతంగా చేరిన చోటు కూడా ఇదే.

స్పైడర్‌మ్యాన్ సినిమాలు ఈ సూత్రాన్ని ఇంటి నాలుగు గోడల మధ్యకు తెచ్చాయి. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన ఈ పాత్రకు కంటిపాప కూడా కనిపించనంత నిండు ముసుగు ఉంది. అయినా అతని రహస్యమే అందరికంటే ఎక్కువసార్లు చిట్లింది. కారణం, అతను కుర్రవాడు, పిన్నమ్మతో ఒకే ఇంట్లో ఉంటాడు, బడికి వెళతాడు, స్నేహితులతో భోంచేస్తాడు. సామ్ రేమీ 2002లో తీసిన సినిమాలో, పండుగ విందుకు కూర్చున్నప్పుడు, ముసుగు వెనక ఉన్న కుర్రవాడు పీటర్ చేతి మీది కోత గాయం ప్రతినాయకుడు నార్మన్ ఆస్బోర్న్ కంటపడుతుంది. మంటల్లో చిక్కుకున్న భవనంలో స్పైడర్‌మ్యాన్‌కు ఆ గాయం చేసింది తానే. అదే సినిమా ముగింపులో శ్మశానవాటికలో పీటర్‌ను ముద్దుపెట్టుకున్న మేరీ జేన్ తన పెదవులను తాకి చూసుకుంటూ నిలబడిపోతుంది. 2017 నాటి సినిమాలో, కూతుర్నీ ఆమె స్నేహితుడైన పీటర్‌నూ నాట్యోత్సవానికి కారులో దింపుతున్న తండ్రి (ఆ సినిమాలో ప్రతినాయకుడు అతనే), ఆ కుర్రవాడి గొంతు ఎక్కడో విన్నట్టుందనుకుంటాడు. పెద్ద ప్రమాదం జరిగినప్పుడల్లా ఇతను మాయమయ్యాడని కూతురు మాటల మధ్యలో చెబుతుంది. సిగ్నల్ దగ్గర ఆగిన కారులో అతని ముఖం మీద ఎర్ర వెలుగు పోయి పచ్చ వెలుగు పడుతుంది. ఆ సన్నివేశంలో ఎవరూ గొంతెత్తరు, ముసుగు ఎక్కడా కనిపించదు, అయినా ముసుగు ఊడిన క్షణం అదే. 2019 నాటి సినిమాలో పీటర్ స్నేహితురాలు ఎమ్‌జే తనకు 67 శాతం మాత్రమే నమ్మకం ఉండేదని చెబుతుంది. సగటు స్నేహితురాలి అనుమానం అలాగే ఉంటుంది: నూరు శాతం ఎన్నడూ కాదు, కానీ ఎదుటివాడు తడబడితే చాలు.

సినిమాకు మాత్రమే ఉన్న ఒక ఇబ్బందిని ఇక్కడ చెప్పుకోవాలి. నటుడి ముఖమే సినిమాకు పెట్టుబడి. రెండు గంటలు ముసుగు వెనకే ఉంచితే భావం ఎలా పలకాలి? అందుకే పతాక సన్నివేశాలకు ముందు ముసుగు చిరుగుతుంది, కాలుతుంది, జారిపోతుంది. చాలా సినిమాల్లో ఇది తేలిపోయే ఏర్పాటు. 2004లో వచ్చిన రెండో స్పైడర్‌మ్యాన్ చిత్రం మాత్రం ఆ అవసరాన్నే గొప్ప సన్నివేశంగా మలిచింది. అదుపు తప్పిన రైలును ఒంటిచేత్తో అన్నట్టు ఆపి, ముసుగు లేకుండా స్పృహతప్పి పడబోయిన కుర్రవాణ్ణి ప్రయాణికులు చేతుల మీద లోపలికి చేరవేస్తారు. అతని ముఖం చూసి, తన కొడుకు వయసు కూడా ఉండదేమోనని ఒకతను నివ్వెరపోతాడు. ఇద్దరు పిల్లలు ముసుగు తెచ్చి ఇచ్చి, ఎవరికీ చెప్పబోమంటారు. బోగీ నిండా మనుషులు చూశారు, అయినా రహస్యం నిలిచింది. వారికి తెలియక కాదు, కాపాడాలని వారే నిశ్చయించుకున్నారు కనుక. రహస్యాన్ని నమ్మదగినదిగా చేసే మార్గాల్లో అతి తక్కువగా వాడిన మార్గం ఇది. మనుషుల మంచితనం మీద అంత భరోసా పెట్టడానికి రచయితలు సాధారణంగా జంకుతారు.

భారతీయ చిత్రాలు ముసుగులోని మరో బలహీనతను పట్టుకున్నాయి. ముసుగు ఎవరిదో తెలియనప్పుడు అది ఎవరిదైనా కావచ్చు. 2006 నాటి హిందీ చిత్రం క్రిష్‌లో, సింగపూర్‌లో సర్కస్ మంటల నుంచి పిల్లల్ని కాపాడిన కథానాయకుడు తన పేరు బయటపడకూడదని, చెల్లెలి చికిత్సకు డబ్బు అవసరమైన స్నేహితుడినే ఆ సాహసికుడిగా లోకం అనుకునేలా వదిలేస్తాడు. ఆ దయకు తర్వాత స్నేహితుడు ప్రాణంతో వెల చెల్లిస్తాడు. 2021 నాటి మలయాళ చిత్రం మిన్నల్ మురళిలో దర్జీ అయిన జైసన్ ముఖానికి గుడ్డ చుట్టుకుని సంపాదించిన పేరును, అదే వేషంలో బ్యాంకును దోచి ప్రతినాయకుడు ఒక్క రాత్రిలో చెడగొడతాడు. పల్లెటూరి నేపథ్యం ఇందులో ముఖ్యం. మహానగరంలో ముఖం దాచుకుంటే సరిపోతుంది. పది వీధుల ఊళ్లో నడకను, దగ్గును, చొక్కా కుట్టిన చేతిని కూడా జనం ఎరుగుదురు. 2024లో వచ్చిన తెలుగు చిత్రం హనుమాన్ బహుశా ఈ కారణంగానే వేరే దారి పట్టింది. అంజనాద్రి అనే ఊళ్లో కథానాయకుడు ఊరి జనం చూస్తుండగానే తన బలం చూపిస్తాడు. అక్కడ దాచవలసినది మనిషిని కాదు, ఆ బలం ఒక మణి నుంచి, అదీ వెలుగు సోకితేనే వస్తుందన్న కిటుకును. రహస్యం ఎవరు అన్న ప్రశ్న నుంచి ఎలా అన్న ప్రశ్నకు జరిగింది. మన ఊళ్ల తీరు తెలిసినవారికి ఇది చాలా సబబుగా తోస్తుంది.

లెక్క తప్పిన చోటు చూడాలంటే 2013 నాటి మ్యాన్ ఆఫ్ స్టీల్ సరైన ఉదాహరణ. అందులో లోయిస్ నిజమైన విలేఖరి. క్లార్క్ దారి పొడవునా కాపాడిన మనుషుల నోటి మాటలు పట్టుకుని, ఒక ఉద్యోగం నుంచి మరో ఉద్యోగానికి వెనక్కి నడిచి, చివరికి అతని తండ్రి సమాధి దగ్గరికి చేరుతుంది. డెబ్బై అయిదేళ్లుగా ఆమె మీదున్న నింద ఆ ఇరవై నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోయింది. ఆమెను మూర్ఖురాలిగా చూపించనందుకు ఆ చిత్ర రచయితలను మెచ్చుకోవాలి. అయితే దాని పర్యవసానాన్ని వారు చివరిదాకా మోయలేదు. క్రిప్టాన్ నుంచి అనుచరులతో వచ్చిన ప్రతినాయకుడు జాడ్, కెంట్ కుటుంబం పొలంలోనే దిగుతాడు, ఆ తల్లిని కాపాడటానికి సూపర్‌మ్యాన్ అక్కడికే దూసుకువస్తాడు, ఆపైన చిన్న ఊరి నడివీధిలో సైన్యం కళ్లెదుట పోరాటం జరుగుతుంది. ఇంత జరిగాక అతను కళ్లద్దాలు పెట్టుకుని పత్రికాఫీసులో ఉద్యోగానికి చేరితే ప్రేక్షకుడు నమ్మలేకపోవడానికి కారణం కళ్లద్దాలు కాదు. లోయిస్ ఒక్కతే, ఏ ఆధారమూ లేని దశలో తవ్వి తీయగలిగిన నిజాన్ని, ఇన్ని ఆధారాలు చేతికందాక మరో విలేఖరి కూడా వెతకలేదని నమ్మమనడమే అసలు కష్టం. వెతికితే దొరుకుతాడని సినిమాయే నేర్పింది, ఆ తర్వాత వెతకడం మానేసింది.

చేతి ఫోన్లు, వీధి కెమెరాలు వచ్చాక చాలామంది నిర్మాతలు ఈ భారాన్నే దించుకున్నారు. 2008 నాటి ఐరన్ మ్యాన్ చివర, ఆ రాత్రి తాను ఎక్కడున్నాడో చెప్పే కట్టుకథ రాసిన చీటీలు టోనీ స్టార్క్ చేతిలో పెడతారు. అతను వాటిని పక్కనపెట్టి ఐరన్ మ్యాన్ తానేనని విలేఖరుల ముందు చెప్పేస్తాడు. మార్వెల్ చిత్రాలు ఆ తర్వాత చాలాకాలం ఆ బాటనే నడిచాయి. అదే స్టార్క్ 2016 నాటి చిత్రంలో ఇంటర్నెట్‌లో ఉన్న వీడియోలు పట్టుకుని పీటర్ పార్కర్ గదిలోకి వచ్చి కూర్చుంటాడు. వనరులున్నవాడు వెతకదలచుకుంటే ఎంతసేపు పడుతుందో ఆ చిన్న సన్నివేశం చెప్పింది. అయితే భారం దించుకోవడంతోపాటు ఒక సంపద కూడా పోయింది. రహస్యం లేని వీరుడికి తన వాళ్లతో అబద్ధం చెప్పవలసిన అవసరం లేదు. ఇచ్చిన మాట తప్పి, నాటకానికి వస్తానని రాలేక, కారణం చెప్పుకోలేక తలవంచుకునే పరిస్థితి లేదు. ఆకాశంలో జరిగే పోరాటాలు ఎంత భారీగా ఉన్నా, వాటిని నేలకు కట్టి ఉంచింది ఈ చిన్న చిన్న అవమానాలే.

దగ్గరివాళ్లకు నిజం తెలిశాక దాన్ని మళ్లీ రహస్యం చేయడం మానవ సాధ్యం కాదని కూడా ఈ సినిమాలే ఒప్పుకున్నాయి. 1980లో సూపర్‌మ్యాన్ ఒక ముద్దుతో లోయిస్ జ్ఞాపకాన్ని చెరిపేశాడు. అది కథను పాత చోటికి చేర్చడానికి వేసిన తేలిక ఉపాయం. ఆమెను అడిగిన పాపాన కూడా పోలేదు. 2021 నాటి స్పైడర్‌మ్యాన్ చిత్రం నలభై ఏళ్ల తర్వాత అదే ఉపాయాన్ని తీసుకుని, దానికి పూర్తి వెల కట్టింది. మంత్రంతో లోకమంతా పీటర్ పార్కర్‌ను మరచిపోతుంది. ఇంతకంటే భద్రమైన రహస్యం ఏ సూపర్‌హీరోకూ దొరకలేదు. ఏ గాయాన్ని చూసీ, ఏ గొంతు వినీ పోల్చుకోవడానికి అతన్ని ఎరిగినవారే మిగల్లేదు. చెప్పవలసిన మాటలన్నీ కాగితం మీద రాసుకుని అతను ఎమ్‌జే పనిచేసే డోనట్ దుకాణానికి వెళతాడు. ఆమె కొత్తవాడితో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడుతుంది. ఆమె నుదుటి మీద ఆనాటి పోరాటంలో తగిలిన దెబ్బకు వేసిన పట్టీ ఇంకా ఉంది. ఇక నొప్పి లేదని ఆమె అంటుంది. అతను కాగితంలోని మాటలు చెప్పకుండానే కాఫీ తీసుకుని బయటికి నడుస్తాడు.